రాఘు ఆట చూడటానికి హట్టి దాకా

శనివారం పొద్దున ఏడు దాటింది. రాయచూరు బస్టాండులో చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "ఇదే ఆఖరు, మళ్లీ రమ్మంటే రాను" అని గొణుక్కుంటున్నాను. పోయిన నెల కలబురగి వెళ్లేటప్పుడూ ఇదే మాట అన్నాను. అంతకుముందు ధారవాడ వెళ్లేటప్పుడూ అన్నాను. రెండు చోట్లా రాఘు మొదటి ఆటలోనే ఓడిపోయాడు. రెండు చోట్ల నుంచీ నేను నడుం నొప్పితో తిరిగొచ్చాను. అయినా మళ్లీ ఇప్పుడు హట్టి బస్సు కోసం కూర్చున్నానంటే నా బుద్ధిని ఏమనాలో మీరే చెప్పండి.

రాఘు అంటే టెన్నిస్ ఆటగాడు రాఘవేంద్ర. హట్టి బంగారు గనిలో దిగి పనిచేసిన కార్మికుడి కొడుకు. గనివాళ్ల క్లబ్బులో ఆఫీసర్లకు బంతులు ఏరిస్తూ ఆట నేర్చుకున్నాడు. కాలేజీకి రాయచూరు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఒకప్పుడు అతని సర్వీసంటే బెంగళూరు ఆటగాళ్లు కూడా వెనక్కి జరిగి నిలబడేవారు. ఇప్పుడు నలభైకి దగ్గర పడ్డాడు. రెండేళ్లుగా ఎక్కడ ఆడినా మొదటి రౌండు దాటడం లేదు.

నాది టైలరింగ్ దుకాణం. కాలేజీ రోజుల్లో ఒక తెల్ల నిక్కరు కుట్టమని వచ్చాడు. ఒక్కో జేబులో రెండేసి బంతులు పట్టాలన్నాడు. కుట్టి ఇచ్చాక, బంతులు నిజంగానే పడుతున్నాయా లేదా అని చూడటానికి మైదానానికి వెళ్లాను. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. ఆ ఆట లెక్క నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా పక్కవాళ్లు చప్పట్లు కొట్టినప్పుడల్లా నేనూ కొట్టాను.

అతను గెలిచే రోజుల్లో మేం టెంపో నిండా వెళ్లేవాళ్లం. బ్యానరు ఉండేది, డప్పు ఉండేది. ఓడటం మొదలయ్యాక ఒక్కొక్కరికీ ఒక్కో పని గుర్తొచ్చింది. చివరికి ముగ్గురం మిగిలాం. ఒకదాన్ని నేను. రెండోవాడు మౌలా, మా పక్క దుకాణంలో ఆటోల సీట్లకు రెగ్జిను కుడతాడు. అతని ఈలకు పావురాలు ఎగిరిపోతాయి. మూడో ఆయన సత్యనారాయణగారు, సిరవార దగ్గర ఆంధ్రావాళ్ల క్యాంపులో వరి పండించే రైతు. ఆయన దారిలో ఎక్కుతారు.

హట్టికి నేరుగా వెళ్లే బస్సు మేం వచ్చేసరికే వెళ్లిపోయింది. మౌలా మిర్చీల కోసం ఆగాడు మరి. "నీ మిర్చీలు పాడుగాను, బస్సు పోయె గదరా" అంటే, "ఉట్టి కడుపుతోని ఈల ఎట్ల ఊదాలె బాజీ?" అన్నాడు. అక్కను వాళ్లింట్లో బాజీ అంటారు, నన్నూ అలాగే పిలుస్తాడు. బస్టాండు బయట బండి దగ్గర ఒగ్గరణి తిన్నాం. మరమరాలను తడిపి, పోపు వేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇస్తారు. పొద్దున్నే ఇంత కారం తిని ప్రయాణం చేయడం మా ఊరివాళ్లకే సాధ్యం. తర్వాత లింగసూగూరు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే నాకు సున్నా టికెట్టు ఇచ్చాడు కండక్టరు. ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక బస్సులో సీటు దొరకడం మాత్రం కష్టమైపోయింది. కల్మల దాటేదాకా నిలబడే ఉన్నాను.

సీటు దొరికాక పక్కన ఒక పెద్దమ్మ. మట్మారి నుంచి వస్తోందట, కవితాళలో కూతురు కాన్పుకు ఉందట. ఒళ్లో జొన్నరొట్టెల మూట.

"మీరెక్కడికమ్మా?" అంది.

"హట్టికి. ఆట చూడ పోతున్నం."

"ఏం ఆట?"

చేత్తో బ్యాటు ఊపి చూపించాను. ఆమె తల ఊపింది. "మీ మనిషి గెలుస్తడా?"

"గెలవడు" అన్నాను, ఏదో విసుగులో.

"మరి ఎందుకు పోతున్నరు?"

వెనక సీటులోంచి మౌలా పకపకా నవ్వాడు.  సంచీ సర్దుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పత్తి చేలలో ఆడవాళ్లు వంగి పత్తి ఏరుతున్నారు. రోడ్డు పక్కన చెట్ల కొమ్మలకు లారీల మీంచి రాలిన పత్తి చిక్కుకుని ఉంది. కాలువ నీళ్లొచ్చే చోట మాత్రం ఉన్నట్టుండి కళ్లకు పచ్చగా తగులుతుంది. వరి, మళ్లీ వరి.

సిరవారలో సత్యనారాయణగారు ఎక్కారు. డెబ్బైకి దగ్గర్లో ఉన్న మనిషి, తెల్లపంచె, చేతిలో గుడ్డసంచీ. "ఏమ్మా సుశీలా, బాగున్నావా? మౌలా, ఏంట్రా ఆ బుగ్గలో?" అంటూ ఇద్దరినీ ఒకేసారి పలకరించారు. ఆయన పుట్టింది గుంటూరు వైపు. చిన్నప్పుడే తండ్రి వెంట ఈ కాలువ కిందికి వచ్చారు. ఇన్నేళ్లయినా మాట మారలేదు. ఏదో బ్యాంకు పని మీద రాయచూరు వచ్చి, ఎండకు నీడ కోసం మైదానం గోడ పక్కన నిలబడి, రాఘు ఆట చూసి అక్కడే ఉండిపోయిన మనిషి. అప్పటినుంచీ "మా అబ్బాయి" అంటారు.

"మావాడు ఈసారి కొడతాడమ్మా. సొంత నేల" అన్నారు.

"పోయినసారి గూడ గిదే అంటిరి."

"పోయినసారి సొంత నేల కాదు గదా."

ఆయనతో వాదించి గెలిచినవాళ్లు లేరు. లింగసూగూరులో దిగి, టీ తాగి, హట్టి బస్సు పట్టుకునేసరికి పన్నెండున్నర దాటింది. నా మోకాళ్లు నావి కాకుండా పోయాయి.

హట్టి చూడనివాళ్లకు ఒక మాట. ఊరికి ముందే బూడిదరంగు మట్టిగుట్టలు కనిపిస్తాయి. బంగారం తీసేయగా మిగిలిన రాతిపొడిని అలా గుట్టలుగా పోశారు. వాటి వెనక గని నోటి మీద ఇనుప చట్రం, దాని మీద తిరిగే చక్రాలు. షిఫ్టు మారినప్పుడు సైరను కూస్తుంది, ఊరంతా దాన్నిబట్టే తింటుంది, పడుకుంటుంది. దిగడానికి మాకు లాడ్జి అవసరం పడలేదు. మౌలా చెల్లెలి భర్త గనిలో పనిచేస్తాడు, వాళ్ల క్వార్టర్‌లోనే ఉన్నాం. ఆ అమ్మాయి మేం వెళ్లేసరికి జొన్నరొట్టెలు, వంకాయ కూర, పల్లీల పొడి సిద్ధంగా పెట్టింది. అలసిపోయినవాళ్లకు అడగకుండా అన్నం పెట్టే మనిషిని మించిన దేవుడు లేడు, నా మటుకు.

సాయంత్రం నాలుగున్నరకు, మర్నాడు పోటీ జరిగే గనివాళ్ల క్లబ్బుకు వెళ్లాం. ఒకే ఒక్క మట్టి కోర్టు. ఎర్రటి మొరం పరిచి, రోలరుతో తొక్కించి గట్టి చేసిన నేల. బసప్ప అని అక్కడ ఒక మార్కరు ఉన్నాడు. కోర్టు చూసుకునేవాడిని క్లబ్బుల్లో అలాగే పిలుస్తారు. రోజూ సాయంత్రం నీళ్లు చిలకరించి, రోలరు తిప్పి, సున్నం గీతలు వేస్తాడు.

రాఘు అప్పటికే ఎవరితోనో సాధన చేస్తున్నాడు. పదిహేను రోజుల కిందటే చూశాను గానీ, ఇంకా చిక్కినట్టు కనిపించాడు. బంతి పక్కగా వస్తే అడుగు వేస్తున్నాడు గానీ, అది దాటిపోయాక వేస్తున్నాడు. సత్యనారాయణగారు ప్రతి బంతికీ "అబ్బా" అంటున్నారు. మౌలా ఒక్కసారీ ఈల వేయలేదు.

ఆట అయ్యాక మా దగ్గరికొచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. కాళ్లకు బూట్లు విప్పి, పాదాలు నొక్కుకుంటూ అన్నాడు: "నేల మస్తు గట్టిగున్నది. బంతి గుంజుకొస్తున్నది. అందుతలేదక్కా."

"అందుతది తియ్యి. రేపటికి సర్దుకుంటది" అన్నాను. రెండేళ్లుగా నేనేం చెబుతున్నానో అదే.

అతను బూట్లలోని మట్టి దులిపాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఇంట్ల ఎవలికీ చెప్పలే, మీకే చెప్తున్న. ఈడ గిట్ల ఓడితే ఇగ బంద్. ఇదే కోర్టుల నిక్కరేసుకున్న నాటి నుంచి ఉరుకుతున్న. ఈడనే గెలవలేకుంటె ఇంకేడ గెలుస్త?"

మౌలా "అట్ల అనకు భాయ్" అన్నాడు.  సత్యనారాయణగారు కోర్టు వైపు అలా చూస్తూ ఉండిపోయారు.

నాకేం అనిపించిందో కూడా చెప్పేస్తాను, దాచడం దేనికి. నాకు హాయిగా అనిపించింది. ఓడితే బంద్ అన్నాడు గదా, ఇక ఈ బస్సులు, ఈ సంచీలు, ఈ ఎండలో చెక్కబల్లలు ఉండవు. ఆదివారం పూట నా ఇంట్లో నేను పడుకోవచ్చు. ఆ మరుక్షణమే సిగ్గేసింది. వాడి ఆట పోతుంటే నేను నా నిద్ర లెక్క చూసుకుంటున్నాను.

ఆదివారం పొద్దున సైరనుకు మెలకువ వచ్చింది. ముందు గదిలో సత్యనారాయణగారి చాప ఖాళీ. ఏడు గంటలప్పుడు తిరిగొచ్చారు. పంచె మోకాళ్లదాకా ఎగ్గట్టి ఉంది, పిక్కలకు ఎర్రమట్టి.

"యాడికి పోయిన్రు పొద్దుగాల?"

"అలా తిరిగొచ్చానమ్మా. ఒళ్లు కదపకపోతే పట్టేస్తుంది" అని బకెట్టు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లారు. ముఖంలో ఏదో సంతోషం ఉంది. పొలం మనిషి గదా, తెల్లారగానే మట్టి తొక్కకపోతే తోచదు కాబోలు అనుకున్నాను.

తొమ్మిదికి ఆట. మేం వెళ్లేసరికి కోర్టు చుట్టూ నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్నారు. నేల రంగు మారిపోయింది. నిన్న ఇటుకలా ఉన్నది ఇవాళ బెల్లంలా ఉంది. అంపైరు బూటుతో నొక్కి చూస్తున్నాడు. బసప్పను ఏదో అడుగుతున్నాడు, అతను చేతులు తిప్పుతున్నాడు. కాసేపు ఆగి, ఎండ పడనిచ్చి, ఆడొచ్చని తేల్చారు. సగం మంది ఈలోపు టిఫినుకు వెళ్లారు.

రాఘుకు ఎదురుగా ఆడేది హుబ్బళ్లి కుర్రాడు, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. గట్టిగా కొట్టడు, దేన్నీ వదలడు. ఎక్కడ వేసినా ఉరికి తిరిగి పంపిస్తాడు. రాఘు ఆట దానికి పూర్తిగా విరుద్ధం. బలంగా సర్వీసు చేసి, నెట్టు దగ్గరికి పరుగెత్తి, తిరిగొచ్చిన బంతిని ఒక్క దెబ్బతో ముగించాలి. ఇన్నేళ్లూ అలాగే గెలిచాడు.

ఆ పొద్దు అతని సర్వీసు తడినేల మీద పడి ఊపిరి వదిలేసింది. కుర్రాడు తీరిగ్గా వచ్చి కొడుతున్నాడు. రాఘు నెట్టు దాకా వెళ్లి వెనక్కి ఉరకాలి, మళ్లీ ముందుకు, మళ్లీ వెనక్కి. బంతులకు మట్టి అంటుకుని అవి కూడా బరువెక్కాయి. ఒక్కో పాయింటు ముగిసేసరికి మేం ఊపిరి బిగబట్టి అలిసిపోతున్నాం, ఇక ఆడేవాడి సంగతి చెప్పాలా. ఈల వేసీ వేసీ మౌలాకు పెదవులు పగిలాయి. చాలాసేపు సమానంగా నడిచి మొదటి సెట్టు నాలుగు, ఆరుతో పోయింది.

అప్పటికి ఎండ ముదిరింది. రెండో సెట్టు మొదలయ్యేసరికి నేల ఎండి మళ్లీ ఇటుకలా తయారైంది. బంతి జోరందుకుంది. సత్యనారాయణగారి ముఖం వాడిపోయింది గానీ, నేను మాత్రం లేచి కూర్చున్నాను. ఇప్పుడు వాడి ఆట వస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. రెండుసార్లు సర్వీసు పిడుగులా పడింది, రెండుసార్లూ కుర్రాడు ఎలాగో రాకెట్టు అడ్డం పెట్టాడు, బంతి గాల్లోకి తేలి నెట్టు దగ్గర నిలబడ్డ రాఘు ముందుకే వచ్చింది. ఉరికే పని లేదు, వంగే పని లేదు. ఎదురుగా కోర్టంతా ఖాళీ. చెయ్యెత్తి కొట్టడమే. మొదటిది నెట్టుకు తగిలింది. రెండోది గీత బయట పడింది.

రెండోది బయట పడ్డాక రాఘు తన రాకెట్టు వైపు చూసుకున్నాడు. తిట్టలేదు, విసరలేదు. ఆ చూపు చూడలేక నేను తల దించుకున్నాను. తర్వాత ఎంతోసేపు పట్టలేదు. రెండు, ఆరు.

చేతులు కలిపి వచ్చి, రాఘు వంగి నేల మీద అరచెయ్యి పెట్టి చూశాడు. "బసప్పా, ఈ నీరు యారు బిట్టిద్దు?" అని, నీళ్లు వదిలిందెవరో కన్నడంలో అడిగాడు.

బసప్ప మా వైపు చూశాడు. "ఆ పెద్దాయనే. నేను చూసుకుంటాను, నువ్వు టీ తాగి రా అన్నాడు. వచ్చేసరికి పైపు వదిలేసి పొలంలా తడిపేశాడు" అని వాళ్ల భాషలో మొత్తుకున్నాడు.

సత్యనారాయణగారు లేచి నిలబడ్డారు. "నేనే బాబూ. నేల గట్టిగా ఉంది, బంతి అందట్లేదన్నావు గదా నిన్న సాయంత్రం. తడిపితే మెత్తబడుతుంది, బంతి నెమ్మదిస్తుంది, నీకు అందుతుందని... మా మడికి పెట్టినట్టే పెట్టాను. ఎక్కడా నీళ్లు నిలవకుండా చూశాను కూడా."

రాఘు చాలాసేపు ఆయన ముఖంలోకి చూశాడు. కోపం వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. వచ్చినా బాగుండేది.

"పెద్దాయనా, బంతి నెమ్మదిగ వస్తే నాకు గాదు, వానికి టైం దొరుకుతది. నేను ఒక్క దెబ్బల ముగించేటోన్ని. ఇయ్యాల ఒక్కొక్క దానికి పదిసార్లు ఉరికిన. నా బంతి జల్ది సావాలె."

 మధ్యాహ్నం మౌలా చెల్లెలు ఎంత బతిమాలినా సత్యనారాయణగారు ఒక్క రొట్టె ముట్టలేదు. గోడకు ఆనుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. "యాభై ఏళ్ల నుంచి నీళ్లు పెట్టడం తప్ప నాకేం తెలుసమ్మా" అన్నారు ఒకసారి. "ఊకోండి, తెలిసి చేసిన్రా" అన్నాను. 

నాలుగు గంటలకు హట్టి నుంచి నేరుగా రాయచూరు వెళ్లే బస్సు ఉంది. రాఘు కూడా మాతోనే ఎక్కాడు, పొడుగాటి రాకెట్ల సంచీ భుజాన వేసుకుని. సత్యనారాయణగారు కావాలనే విడిగా మా ముందు సీటులో కూర్చున్నారు. నేను ఆయన వెనక, నా పక్కన రాఘు, మా వెనక మౌలా. టికెట్టు కొట్టిన కండక్టరు రాఘును గుర్తుపట్టి, "గెద్దీరా సార్?" అని గెలుపు సంగతి అడిగాడు. "ఇల్ల" అని తల అడ్డంగా ఊపాడు రాఘు. "ముందిన సల గెల్తీరి బిడ్రి" అని వచ్చేసారికి గెలుపును ఉచితంగా ఇచ్చేసి ముందుకెళ్లిపోయాడు కండక్టరు. నాలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

 కవితాళ దాటేదాకా రాఘు, కాళ్లు చాపే చోటు లేక పిక్కలు రుద్దుకుంటూ ఉన్నాడు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"అక్కా, ఇయ్యాలటిది లెక్కల రాదేమో."

"ఏంది?"

"బంద్ జేస్త అంటి గద. గది మామూలు నేల మీద ఓడితే. ఇది నీళ్ల మీద ఓడింది. బళ్లారిల ఎల్లుండి మొదలు. ఎంట్రీ పంపిన, రాత్రి రైలుకు టికెట్ గూడ ఉన్నది. ఒక్కసారి పొయ్యొస్త." అతను ముందు సీటు కడ్డీ పట్టుకుని నా వైపు తిరిగాడు. "నువ్వు కాలేజీ నాటి నుంచి చూస్తున్నవ్. నిజం చెప్పాలె. నీళ్లు పెట్టకుంటె గెలుస్తుంటినా?"

ముందు సీటులో సత్యనారాయణగారి తల కొద్దిగా పక్కకు తిరిగింది. ఆయన వింటున్నారు.

"గెలుస్తుంటివి రాఘు" అంటే అయిపోయేది. నాలుక చివర ఉంది. ధారవాడలో ఎండ అన్నాను, కలబురగిలో అంపైరు అన్నాను. ఇవాళ నీళ్లు అంటే సరి. ఎల్లుండి బళ్లారి, వచ్చే నెల ఇంకో ఊరు, వెనకే మేం ముగ్గురం, మా సంచీలు. లేదు అంటే అది వాడి కోసం అంటున్నానా, నా నడుం కోసం అంటున్నానా? నాకు నిజంగా తెలియలేదు. కానీ వాడు నా ముఖంలోకి అలా చూస్తుంటే ఎండలో ఆ రెండు బంతులే కళ్లముందుకొచ్చాయి.

"లేదు రాఘు. ఓడుతుంటివి" అన్నాను.

వెనక మౌలా "క్యా బాజీ..." అని ఏదో అనబోయి ఆగిపోయాడు.

"రెండో సెట్టుకు నేల ఎండిపాయె. నెట్టుకాడ రెండు బంతులు నీ చేతికే వచ్చినయ్. ఉరికేది లేదు, ఏం లేదు. అవి గూడ పాయె. దానికి నీళ్లేం జేస్తయ్, కాళ్లేం జేస్తయ్? మొదటి సెట్టు నీళ్లతోని పోయిందంటె ఒప్పుకుంట. రెండోది నీతోనే పోయింది."

 ఇంత మాట వాడిని ఇన్నేళ్లలో ఎన్నడూ అనలేదు. కన్న కొడుకుని అన్నట్టయింది.

రాఘు కిటికీ వైపు తిరిగి చాలాసేపు బయటికి చూశాడు. పత్తి ఏరే ఆడవాళ్లు పొద్దుగూకి గట్ల వెంట వరసగా ఇళ్లకు వెళుతున్నారు. "నాకు గూడ గట్లనే అనిపించింది" అన్నాడు చివరికి. "రెండేండ్ల సంది అనిపిస్తున్నది. ఎవలన్న అంటరేమో అని చూస్తున్న. ఎవలు అనకపోతిరి. అందరు మంచిగ ఆడినవ్ అంటిరి. మంచిగ ఆడితె మరి ఎందుకు ఓడుతున్న అని నాకు సమజ్ గాకపాయె."

అని కిటికీ కడ్డీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికే నిద్రపోయాడు. గతుకు వచ్చినప్పుడల్లా తల కడ్డీకి తగులుతుంటే నా చీరకొంగు మడిచి మధ్యలో పెట్టాను. లేవలేదు.

సిరవార వచ్చింది. సత్యనారాయణగారు మమ్మల్ని పలకరించకుండానే దిగబోయారు. బస్సు ఆగిన కుదుపుకు రాఘు లేచి, ఆయన సీటులో మరచిపోయిన గుడ్డసంచీ తీసుకుని తలుపు దాకా వెళ్లాడు. సంచీ ఇచ్చి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, మీ నీళ్లతోని ఏం గాలే. అక్క చెప్పింది ఇన్లేదా?"

"విన్నాను బాబూ" అన్నారు ఆయన. "నా వల్లే పోయిందనుకుంటేనే నాకు నయంగా ఉంది."

కండక్టరు ఈల ఊదాడు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆయన సంచీ ఛాతీకి ఆనించుకుని రోడ్డు పక్కన అక్కడే నిలబడి ఉన్నారు.

రాయచూరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. ఒళ్లంతా దుమ్ము, నోట్లో దుమ్ము. బస్టాండు బయట ఆటోవాళ్లు "టేషన్, టేషన్" అని అరుస్తున్నారు. మౌలా అలవాటు కొద్దీ రాకెట్ల సంచీ అందుకుని స్టేషను ఆటోలో పెట్టేశాడు. రాఘు ఒక నిమిషం ఆ ఆటో వైపు చూసి, వెళ్లి సంచీ బయటికి తీసుకున్నాడు.

"రైలుకు ఇంక టైం ఉంది గద భాయ్" అన్నాడు మౌలా, అర్థం కానట్టు.

"ఇంటికే పోదాం" అన్నాడు రాఘు.

ముగ్గురం ఒకే ఆటోలో వెళ్లాం. రాఘు వాళ్ల గల్లీ ముందు వస్తుంది. ఆటో చప్పుడుకు అతని భార్య తలుపు తీసి, "ఏంది, రైలు?" అంది కంగారుగా.

"రైలు లేదు" అన్నాడు రాఘు సంచీ దించుకుంటూ. "ఆకలైతున్నది. అన్నం ఉన్నదా?"

ఆమె అతని ముఖంలోకి, తర్వాత మా ముఖాల్లోకి చూసింది. చప్పున లోపలికి వెళ్లి గిన్నెల చప్పుడు చేసింది. రాఘు గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వెనక్కి తిరిగి మాకు చెయ్యెత్తి లోపలికెళ్లాడు.

ఆటో మలుపు తిరిగాక నాకు ఏడుపొచ్చింది. నేను కోరుకున్నదే జరిగింది. ఇంక ధారవాడలు లేవు, బళ్లారులు లేవు. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. మౌలా చూడనట్టు బయటికి చూస్తూ కూర్చున్నాడు, మంచివాడు. మా దుకాణాల సందు వచ్చేముందు మెల్లగా అడిగాడు.

"బాజీ, వచ్చే ఆదివారం మనం ఏం జేద్దాం?"

"పండుకుందాం" అన్నాను.



"ఎంతసేపని పండుకుంటం?" అన్నాడు.